రాకపోతే బాగుండు

అన్ని బోట్లూ వచ్చేశాయంట, హజరత్తయ్యదొక్కటే రాలేదంట అని గోడ అవతల ఎవరో సామ్రాజ్యానికి చెబుతుంటే విన్న గంగాభవాని లోపల మొదట పుట్టింది భయం కాదు, అయ్యో అన్న మాట కూడా కాదు. రాకపోతే బాగుండు అనుకుంది. అనుకుంది అనడం సరికాదేమో, ఆ మాట దానంతటదే వచ్చింది. వాకిలి తీసి ఉన్న ఇంట్లోకి పక్కింటి పిల్లి వచ్చినంత చప్పుడు లేకుండా వచ్చి, పొయ్యి పక్కన చోటు చూసుకుని కూర్చుంది. చేతిలో తోముతున్న గిన్నె అట్లాగే ఉంది, కుళాయి నీళ్ళు దాని మీద నుంచి కారిపోతున్నాయి. హజరత్తయ్య ఆమెకు బావ. చనిపోయిన మొగుడు ముత్యాలయ్యకు సొంత అన్న. సునామీ తర్వాత కట్టించిన కాలనీలో రెండు ఇళ్ళకూ కలిపి వేసిన ఒకే గోడకు అవతలివైపు మనిషి. నాలుగేళ్ళుగా ఆయనతో గాని, అక్కా అని పిలుచుకునే ఆయన పెళ్ళాం సామ్రాజ్యంతో గాని ఆమెకు మాటల్లేవు. గిన్నె బోర్లించి, కొంగు నడుముకు దోపుకుని, తలుపు దగ్గరగా వేసి, ఎందుకు పోతున్నానో తనకే తెలియకుండా అందరితో పాటు ఒడ్డుకు నడిచింది. అందరితో పాటు అంటే అందరి వెనక, నలుగురి నీడ తన మీద పడనంత దూరంలో.

సరుగుడు తోపు దాటగానే గాలి ముఖాన కొట్టింది. తెల్లవారుజామున బోట్లు పోయేటప్పటికి ఏమీ లేదు, ఆకాశం నున్నగా ఉందని చెప్పుకుంటున్నారు మగవాళ్ళు, ఎండ ఎక్కే వేళకు గాలి తూర్పుకు తిరిగి ఒక్కసారిగా వాన పట్టుకుందట. ఆ వానకే రొయ్యల కంపెనీ బస్సు ఈ రోజు ఊళ్ళోకి రాలేదు. వచ్చి ఉంటే ఈ పాటికి ఆమె చల్లటి హాల్లో గ్లవుజులు వేసుకుని రొయ్యల తలలు తీస్తూ ఉండేది, ఈ సంగతి సాయంత్రం బస్సు దిగేదాకా తెలిసేదే కాదు, ఈ తలంపు పుట్టేదే కాదు. వాన ఇప్పుడు ఆగింది. సముద్రం మాత్రం బురద రంగులో, ఎక్కడ అల మొదలవుతుందో తెలియకుండా మొత్తంగా కదులుతోంది. పైకి లాగిన బోట్ల మధ్య జనం గుంపులుగా నిలబడ్డారు. నీళ్ళకు దగ్గరగా, తడి ఇసుకలో, మోకాళ్ళు పైకి పెట్టుకుని సామ్రాజ్యం కూర్చుని ఉంది. భవాని వెనక, దిబ్బ వాలులో, తోపు నుంచి వచ్చే బాట పక్కన ఆగిపోయింది. అక్కడి నుంచి అక్క వీపు, తడిసి నెత్తికి అంటుకున్న జుట్టు మాత్రం కనిపిస్తున్నాయి. రాకపోతే బాగుండు. మళ్ళీ వచ్చింది, ఈసారి కొంచెం గట్టిగా, తెలిసిన ఇల్లే కదా అన్నట్టు.

వచ్చింది అని ముందు గుర్తుపట్టు అంటుంది ఉషమ్మ. ఉషమ్మది కావలి, నర్సుగా చేసి రిటైరైంది, తండ్రి కాలం నుంచీ వాళ్ళ ఇంట్లో బుద్ధుడి దారి. ఆదివారాలు బస్సెక్కి వచ్చి, తుఫాను షెల్టరు పైగదిలో చాప పరిచి, వచ్చినవాళ్ళను కూర్చోబెట్టి ఊపిరి చూసుకోమనేది. మొదట్లో ఆడవాళ్ళు చాలామందే వచ్చారు, నర్సమ్మ కదా మందులేమైనా ఇస్తుందని. కళ్ళు మూసుకుని కూర్చోవడం తప్ప ఇంకేమీ లేదని తెలిశాక ఒక్కొక్కరే మానేశారు. నిద్ర పట్టక, తలపోటు తగ్గక పోయిన భవాని మాత్రం మిగిలింది. ఇప్పుడు ఆ పెద్ద గదిలో ఇద్దరే ఎదురెదురుగా కూర్చుంటారు, కిటికీలోంచి సముద్రం హోరు వస్తూ ఉంటుంది. మనసుకు కాపలా కాయడం అంటే ఏమిటో అక్కడే విన్నది. "తలంపు రావడం నీ చేతిలో లేదు భవానీ," అంది ఉషమ్మ ఒకరోజు, "వచ్చినదానికి పీటేసి అన్నం పెట్టడం మాత్రం నీ పనే. రోజూ నువ్వు పెడతా ఉండావు గాబట్టే అది రోజూ వస్తా ఉంది." భవానికి కోపం వచ్చింది ఆ రోజు. మొగుణ్ణి పోగొట్టుకున్నది తను, తప్పు కూడా తనదేనా? "అయితే మా బావ మంచోడని నమ్మమంటావా?" అని అడిగింది. "ఆయన సంగతి నాకు తెలీదు. నీ ఇంట్లో ఎవురుండాలో నువ్వు చూసుకోమంటండా, అంతే," అంది ఉషమ్మ, చాప చుట్టుకుంటూ.

చెడ్డ తలంపు వచ్చినప్పుడు దాని చోట మంచిదాన్ని కూర్చోబెట్టాలి. ఉషమ్మ నేర్పిన ఉపాయాల్లో అది మొదటిది. భవాని కళ్ళు మూసుకోలేదు, సముద్రాన్నే చూస్తూ వెతుక్కుంది. బావలో మంచి ఏముంది? ఉంది. తనకు డెంగీ జ్వరం వచ్చినప్పుడు ముత్యాలయ్య వేటలో ఉన్నాడు, ఆటోలో పడుకోబెట్టి కావలి తీసుకుపోయింది హజరత్తయ్యే. గతుకు వచ్చినప్పుడల్లా ఆమె తల కిందికి తన అరచెయ్యి పెట్టాడు. ఆసుపత్రి వరండాలో నేల మీద కూర్చుని, అటుపోయే ప్రతి నర్సునూ లేచి నిలబడి అడిగాడట, మా పిల్లకి ఎట్టుంది, మా పిల్లకి ఎట్టుంది అని. వాళ్ళు ఆయన్ను ఆమె నాయన అనుకున్నారు. లేచి కూర్చోగలిగిన రోజు ఇడ్లీ పొట్లం విప్పి, చట్నీ కారంగా ఉందని నీళ్ళు కలిపి ఇచ్చాడు, నీళ్ళ చట్నీ తిని ఆమె నవ్వితే ఆయన కూడా నవ్వాడు. ఆ నవ్వును పట్టుకుంది భవాని, గట్టిగా పట్టుకుంది, ఇదిగో ఇదీ బావ, ఇది చూడు అని తనకు తాను చూపించుకుంది. కాసేపు నిలిచింది కూడా. కాని ఆ అరచెయ్యి, ఆమె తల కింద పెట్టిన ఆ అరచెయ్యి, చూస్తూ ఉండగానే వేళ్ళు ముడుచుకుని ఒక క్యాను పిడి చుట్టూ బిగుసుకుంది.

ఆ క్యాను. పసుప్పచ్చ ప్లాస్టిక్ క్యాను, డీజిల్ అయిపోయి ఖాళీది. నాలుగేళ్ళ కింద అన్నదమ్ములిద్దరూ పెద్ద బోటులో పోయారు ఆ పొద్దు, ఎప్పటిలాగే, ఒకడు ఇంజను దగ్గర, ఒకడు వల దగ్గర. అల ఎత్తి తిరగేసింది. బోటు మునిగిపోయింది, ఇద్దరికీ చేతికి దొరికింది ఆ ఒక్క క్యానే. పక్క ఊరి బోటువాళ్ళు చూసేటప్పటికి క్యానును రొమ్ముకు కరుచుకుని హజరత్తయ్య ఒక్కడే తేలుతున్నాడు. ఒడ్డున పడుకోబెట్టినా వదల్లేదు, వేళ్ళు ఒక్కొక్కటే విప్పాల్సి వచ్చింది. ఆమె చూసింది. విప్పుతుంటే ఆ వేళ్ళు మళ్ళీ మళ్ళీ ముడుచుకోవడం కళ్ళారా చూసింది. తమ్ముడేడి అంటే, చెయ్యి జారిపోయినాడు అన్నాడు. చెయ్యి జారిపోయినాడు. ఆ మాటను ఆమె నాలుగేళ్ళుగా ఎన్ని వైపుల నుంచి తిప్పి చూసిందో. ఎవరి చెయ్యి జారింది? జారిందా, జార్చారా? ఆ తర్వాత హజరత్తయ్య పెద్ద బోట్లు ఎక్కడం మానేశాడు. చిన్న ఫైబర్ బోటులో ఒక్కడే, పీతల వలలు వేసుకుంటాడు, ఎవరొస్తామన్నా ఎక్కించుకోడు. భయం పట్టుకుంది పాపం అన్నారు ఊళ్ళోవాళ్ళు. చేసినోడికి తెలుస్తుంది ఎందుకు ఎక్కించుకోడో అనుకుంది భవాని.

చూశావా, పోయింది మనసు, పీటేసి అన్నం కూడా పెట్టేశావు అని తనకు తానే చెప్పుకుంది. ఊపిరి చూడు. గాలి ఇంత ఉన్నప్పుడు లోపలికి పోయేది నా ఊపిరో బయటి గాలో ఎట్లా తెలుస్తుంది. కింద గుంపులో కదలిక పుట్టింది. చిన్నపోలయ్య, ఊరి పెద్ద, ఫోను చెవికి పెట్టుకుని రెండో చెవి మూసుకుని అరుస్తున్నాడు. ఆయన గొంతు గాలికి తునకలై వచ్చింది. "యాడా కనపళ్ళా అంటండారు... మెరైను పోలీసోళ్ళకి చెప్పినాం... సరే, ఆ పక్క ఊళ్ళోళ్ళకి గూడా చెప్పండి." ఫోను జేబులో పెట్టుకుని సామ్రాజ్యం వైపు చూసి, దగ్గరికి పోయి వంగి ఏదో చెప్పాడు. ఆమె తల ఊపలేదు, తిప్పలేదు. ఒక ముసలామె పక్కన కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టింది, వద్దన్నట్టు. ఆ చెయ్యి భవానికి తెలుసు. తను కూడా ఇదే ఒడ్డున, ఇట్లాగే కూర్చుని, ఇట్లాగే ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా చెయ్యి అడ్డం పెట్టింది. ఆ రోజు ఆ చెయ్యిని పక్కకు తోసి వచ్చి కూర్చున్నది సామ్రాజ్యమే, తన మొగుడి వేళ్ళు అక్కడ విప్పుతూ ఉండగా అటు పోకుండా ఇటు వచ్చి కూర్చుంది. అది ఇన్నాళ్ళూ ఎందుకు గుర్తు రాలేదు? క్యాను మాత్రం ఎందుకు రోజూ గుర్తొచ్చింది?

ఇప్పుడు అక్కకి కూడా తెలుస్తుంది. ఈ మాట ఎక్కడి నుంచి వచ్చిందో, ఎంత నెమ్మదిగా వచ్చిందో. అక్కకి కూడా తెలుస్తుంది, ఇంట్లో ఒక్కదానికి అన్నం వండుకోవడం ఎట్లా ఉంటుందో, గుప్పెడు బియ్యం కడిగేటప్పుడు చేతికి ఎంత తేలికగా ఉంటాయో, పండగ పూట నలుగురూ నవ్వుతూ ఉన్నప్పుడు తను పోగానే నవ్వు ఎట్లా ఆగిపోతుందో, జ్వరం వస్తే నీళ్ళ చెంబు అందుకోవడానికి మంచం ఎంత ఎత్తు అవుతుందో. తెలుస్తుంది, అప్పుడు గోడకు అటూ ఇటూ ఇద్దరం. రాకపోతే బాగుండు అన్నదాని మొహం ఇప్పటిదాకా ఆమె చూడలేదు, పగ అనుకుంది, న్యాయం అనుకుంది, మొగుడి మీద ప్రేమ అని కూడా అనుకుంది. దగ్గరికి పోయి చూస్తే అది తోడు కోసం ఎదురుచూస్తున్న ఒక ఒంటరి ఆడది. బావ చావడం కాదు దానికి కావలసింది. ఇంకొక ఇల్లు తన ఇల్లులాగా అయిపోవడం కావాలి. గోడ అవతల కూడా నిశ్శబ్దం కావాలి.

ఆ గోడ. ప్రతి రోజూ తెల్లవారేసరికి హజరత్తయ్య దగ్గు వినిపిస్తుంది, పొడి దగ్గు, మూడు నాలుగు సార్లు దగ్గి, మంచం కిర్రుమనిపించి లేస్తాడు. తర్వాత సామ్రాజ్యం కాఫీ గ్లాసు కింద పెట్టిన చప్పుడు. తర్వాత ఇద్దరిలో ఎవరో ఏదో అంటారు, మాట తెలియదు, గొంతు మాత్రం. నాలుగేళ్ళుగా భవాని రోజు మొదలయ్యేది ఆ దగ్గుతోనే. దగ్గు వినగానే పళ్ళు బిగుసుకునేవి, బతికే ఉండాడు అనుకునేది, లేచేది. చెవి కూడా ఒక వాకిలే, దాని దగ్గర కూడా కాపలా ఉండాలి అని ఉషమ్మ చెప్పాక కొన్నాళ్ళు దగ్గును దగ్గులా వినడానికి చూసింది, చప్పుడు, అంతే, ఒక మనిషి గొంతులో చప్పుడు అని. కొన్ని పొద్దులు కుదిరింది కూడా. కుదిరిన పొద్దున ఇల్లు ఎంత ఖాళీగా అనిపించిందో ఉషమ్మకు చెప్పలేదు. పగ లేని ఇంట్లో ఆమె ఒక్కతే ఉంది. అన్నం ముందు కూర్చుంటే ఎదురుగా ఎవరూ లేరు. ఆ ఖాళీ భరించలేక తనే తలుపు తీసి దాన్ని మళ్ళీ పిలుచుకుంది, రా, వచ్చి కూర్చో, క్యాను కథ చెప్పు అని. చెడ్డ తలంపుల వల్ల ఎంత నష్టమో చూసుకోమంటుంది ఉషమ్మ, చూస్తే అవి పోతాయంటుంది. చూసింది భవాని. జుట్టు రాలిపోయింది, నిద్ర పోయింది, సామ్రాజ్యం గిన్నెలో పెట్టి పంపిన పీతల కూర గిన్నెతో సహా గుమ్మంలో పారబోసింది, ఆ పులుసు మరక సిమెంటు మీద చాలా రోజులు ఉంది. అంతా చూసింది. నష్టమని తెలిసినా పోలేదు, ఎందుకంటే అది పోతే మిగిలేది ఎవరు?

అది ఎక్కడ పుట్టిందో వెనక్కి నడిచి చూడమని ఉషమ్మ అన్నది గుర్తొచ్చింది. ఇసుకలో కాళ్ళు కూరుకుపోతుంటే బరువు ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుకుంటూ మనసులోనే వెనక్కి నడిచింది. ఒడ్డున ఆ వేళ్ళు విప్పినప్పుడు ఆమెకు ఏ తలంపూ లేదు. దుఃఖం కూడా లేదు, చెవుల్లో హోరు మాత్రం. శవం దొరికిన రోజు కూడా లేదు. ఆ తర్వాత ఎప్పుడో, ఇల్లంతా బంధువులు ఉన్నప్పుడు, ఆమె పిన్నమ్మ ధనలక్ష్మి వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతూ అంది, "అంత పెద్ద క్యానుకి ఇద్దురు పట్టరా?" అని. తరుగుతూనే అంది, తల ఎత్తకుండా, ఏదో వాన గురించి అన్నట్టు. అంతే. ఆ మాట అన్న మనిషి సాయంత్రం బస్సుకి ఊరికి పోయింది, ఆమెకు ఇప్పుడు గుర్తు కూడా ఉండదు. మాట మిగిలిపోయింది. తను చూసింది కాదు, తనకు తెలిసింది కాదు, ఉల్లిపాయల పక్కన ఎవరో వదిలేసి పోయిన మాటను తెచ్చి ఇన్నేళ్ళు మేపింది. ఇంకా ఒకటి ఉంది, దాని దగ్గరికి పోవడానికి కాళ్ళు రాలేదు, అయినా పోయింది. కర్మ అయిపోయిన సాయంత్రం హజరత్తయ్య గుమ్మం దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. కొత్త తువ్వాలు భుజం మీద. "తల్లీ, ఆ పొద్దు నీళ్ళలో వాడు నాతో..." అన్నాడు. ఆమె తలుపు వేసేసింది. నాతో ఏమన్నాడు? నాతో అన్న తర్వాత ఏముంది? అది వినకుండా ఉండటానికే ఇన్నేళ్ళు ఇంత గట్టిగా పట్టుకుందా? వింటే ఏమవుతుంది? ఏదో నిజం అవుతుంది. మంచిదో చెడ్డదో ఒకటి నిజమై, మళ్ళీ మార్చడానికి వీలు లేకుండా అయిపోతుంది, ముత్యాలయ్య నిజంగా చనిపోతాడు.

గాలి ఇంకా పెరిగింది. ఇద్దరు మగవాళ్ళు బోటు నీళ్ళలోకి తోయడానికి చూశారు, అల వచ్చి బోటును అడ్డంగా తిప్పేసింది, చిన్నపోలయ్య చేతులు ఊపుతూ వద్దని అరిచాడు. సామ్రాజ్యం లేచి నిలబడింది. నీళ్ళలోకి రెండడుగులు వేసింది, ఎవరో చెయ్యి పట్టుకుని వెనక్కి లాగారు, చెయ్యి విదిలించుకుని అక్కడే నిలబడింది. ఒకసారి వెనక్కి తిరిగి చూసింది, ఎవరి కోసమో వెతుకుతున్నట్టు, ఆ చూపు భవాని ఉన్న చోటికి వచ్చి ఆగిందో లేదో ఇంత దూరానికి తెలియలేదు. పో. పోయి పక్కన నిలబడు. ఏం మొహం పెట్టుకుని పోతావు, లోపల అది ఇంకా కూర్చునే ఉంది కదా, కడుపులో రాకపోతే బాగుండు పెట్టుకుని ఆమె చెయ్యి ఎట్లా పట్టుకుంటావు? ఏదీ కుదరనప్పుడు పళ్ళు బిగబట్టి దాన్ని అణిచెయ్యమంది ఉషమ్మ, అది ఆఖరిది. భవాని పళ్ళు బిగబట్టింది. దవడ నొప్పి పుట్టింది. బావ క్షేమంగా రావాలి అని పెదవులతో అంది, షెల్టరులో ప్రతి ఆదివారం చివర అందరికీ క్షేమం కోరుకుంటారే, అట్లా, బావ క్షేమంగా రావాలి, అక్క క్షేమంగా ఉండాలి. మాటలు పొడి అన్నంలా ఉన్నాయి. అయినా అంది. నమ్మకం లేకుండానే అంది. అంటూ ఒక అడుగు కిందికి వేసింది, ఇంకో అడుగు వేసింది. తలంపు లోపలే ఉంది, కాళ్ళు మాత్రం పోతున్నాయి. మనసు పూర్తిగా శుభ్రమయ్యాకే పోవాలంటే ఈ జన్మలో పోలేనని అప్పుడు తెలిసింది.

వెనక తోపులో మోటారు సైకిలు చప్పుడు వినిపించి ఆగింది. గాలి సముద్రం వైపు నుంచి వీస్తోంది కాబట్టి కిందివాళ్ళకు వినపడలేదు, అందరి కళ్ళూ నీళ్ళ మీదే ఉన్నాయి. భవాని తిరిగి చూసింది. సరుగుడు చెట్ల మధ్య నుంచి, ఎవరిదో పెద్ద సైజు చొక్కా వేసుకుని, చెప్పుల్లేకుండా, ఒక కాలు ఈడుస్తూ ఒక మనిషి బాట మీద నడిచి వస్తున్నాడు. హజరత్తయ్య. సముద్రం వైపు నుంచి రావలసిన మనిషి నేల మీది నుంచి వస్తున్నాడు. ఇన్నేళ్ళలో ఆయన్ను ఇంత దగ్గరగా, ఎదురుగా చూడలేదు, ఎప్పుడూ వీపే, ఎప్పుడూ గోడే. ముసలివాడైపోయాడు. గడ్డం తెల్లబడింది. ఒడ్డున జనాన్ని చూసి, తన కోసమేనని అర్థం కాక, కళ్ళు చికిలించి చూస్తున్నాడు. ఆ తర్వాత ఆమెను చూశాడు. ఆగిపోయాడు.

ఆయన బతికి ఉన్నాడని ఆ నిమిషాన ఊళ్ళో తెలిసింది ఆమె ఒక్కదానికే. ఆ నిమిషంలో భవాని లోపల రెండు జరిగాయి, రెండూ ఆమె చూసింది. ఏదో కిందికి జారింది, అనుకున్నది జరగనప్పుడు జారేది. దాని పక్కనే ఏదో పైకి లేచింది, ఆసుపత్రి మంచం మీద లేచి కూర్చున్న రోజు నవ్విన నవ్వులాంటిది. ఏది తనదో ఆమె తేల్చుకునేలోపు ఆయన మొహం చూసింది. ఆయన తల దించుకున్నాడు. చావు తప్పించుకుని వచ్చిన మనిషి మొహం కాదది. తప్పు చేస్తూ రెండోసారి దొరికిపోయిన మనిషి మొహం. ఆమె లోపల రోజూ కూర్చునే మాట ఆయనకు ఎవరూ చెప్పలేదు, చెప్పాల్సిన పని లేకపోయింది, గోడ అవతల నుంచే విన్నాడు, అన్నేళ్ళూ విన్నాడు, దాన్ని మోస్తూనే ఒక్కడే బోటు తోసుకుని పోయాడు.

"మళ్ళా నేనే వచ్చినా తల్లీ," అన్నాడు.

భవాని తిరిగి సముద్రం వైపు, సామ్రాజ్యం వీపు వైపు చూసి, ఛాతీ నిండా గాలి పీల్చుకుంది. "అక్కా!" అని అరిచింది. నాలుగేళ్ళుగా అనని మాట, ఎంత గట్టిగా వచ్చిందంటే ముందు ఉలిక్కిపడింది తనే. "అక్కా! బావ వచ్చినాడే! ఇట్టా చూడు, బావ వచ్చినాడు!"

అందరూ ఒకేసారి కదిలారు. ఇసుకలో పడుతూ లేస్తూ సామ్రాజ్యం అందరికంటే ముందు వచ్చింది, వచ్చి మొగుణ్ణి కావలించుకోలేదు, రెండు చేతులతో భుజాల మీద కొట్టింది, చచ్చినోడా, చచ్చినోడా అని ఏడుస్తూ కొట్టింది. చుట్టూ జనం మూగారు. మాటలు ముక్కలు ముక్కలుగా బయటికి వచ్చాయి. వల ఇంజను ఫ్యానుకు చుట్టుకుందట, గాలి ఎటు తోస్తే అటు పోయాడట, పెన్న సముద్రంలో కలిసే చోటికి కొంచెం ఇవతల బోటు ఇసుకకు ఎక్కిందట, ఫోను తడిసి పనిచేయలేదట, ఆ ఊరివాళ్ళెవరో చొక్కా ఇచ్చి, బండి ఎక్కించి తెచ్చి వదిలారట. చిన్నపోలయ్య మళ్ళీ ఫోను చెవికి పెట్టుకుని, "మడిసి దొరికినాడు, దొరికినాడు, ఇంక వెతకబాకండి," అని అరుస్తున్నాడు. భవాని గుంపులో లేదు. జనం వచ్చే దారిలో ఒక పక్కకు జరిగితే ఆ పక్కనే ఉండిపోయింది. ఎవరి భుజమో తగిలింది, ఎవరూ ఆమెను చూడలేదు. భుజాలు పట్టుకుని నడిపించుకుంటూ పోతుంటే హజరత్తయ్య ఒకసారి ఆగి వెనక్కి చూశాడు.

"బావా," అంది భవాని. అంత చప్పుడులో వినపడుతుందనుకోలేదు, కాని ఆయన విన్నాడు. "ఆ పొద్దు నువ్వు చెప్పబోయిన మాట నేను విన్లా. రేపు వస్తా. చెప్పు. ఏదైనా సరే, వింటా."

ఆయన వేళ్ళు ఆ అరువు చొక్కా అంచును గట్టిగా పట్టుకున్నాయి. ఆయనకు కూడా భయమేనని ఆమెకు తెలిసింది. సరేనని తల ఊపాడు. సామ్రాజ్యం ముక్కు తుడుచుకుంటూ, "నువ్వు రా మే, ఈడ ఎందుకు ఒక్కదానివి," అంది. "మీరు నడవండక్కా," అంది భవాని. వాళ్ళు తోపులోకి పోయారు. మాటలు, నవ్వులు, ఎవరిదో ఏడుపు, చెట్ల మధ్య కాసేపు వినిపించి ఆగిపోయాయి.

ఒడ్డు ఖాళీ అయింది. అడుగుల గుర్తులు మాత్రం ఉన్నాయి, ఆఖరివన్నీ తోపు వైపే పోతూ. భవాని ఇసుకలో కూర్చుంది. లోపల చూసుకుంది. ఆ మాట పోలేదేమో, రేపు బావ ఏం చెబుతాడో, ఆయన చేతిలోంచే జారాడని చెబితే మళ్ళీ వస్తుందేమో, వస్తే మళ్ళీ గుర్తుపట్టాలి, మళ్ళీ మొదటి నుంచి. కాని ఇప్పుడు, ఈ కాసేపు, అక్కడ ఎవరూ లేరు. పీట ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోకి ముత్యాలయ్య వచ్చాడు. నీళ్ళలో మునుగుతున్న ముత్యాలయ్య కాదు. వేట లేని రోజు మధ్యాహ్నం పూట, గుమ్మంలో కాళ్ళు చాపుకుని కూర్చుని, వేరుశనక్కాయలు ఒలిచి, పొట్టు ఆమె మీదికి ఊది, ఏం తెలియనట్టు వీధిలోకి చూసే ముత్యాలయ్య. జుట్టులో నుంచి పొట్టు ఏరుకుంటూ ఆమె తిట్టేది. ఎవరి తప్పూ కాని, ఎవరి మీదా కోపం లేని ఏడుపు ఒకటి కడుపులోంచి లేచింది. క్యాను లేదు, బావ లేడు, ఏ ప్రశ్నా లేదు, అతను లేడు, అంతే. చచ్చిపోయినప్పుడు ఏడవలేదని ఊళ్ళో ఆడవాళ్ళు చెవులు కొరుక్కున్న భవాని, మోకాళ్ళ మీద తల పెట్టుకుని, గొంతెత్తి, మొగుడి పేరు పిలుస్తూ ఏడిచింది. సముద్రం హోరులో ఆ ఏడుపు ఎవరికీ వినపడలేదు.